లాకుల నుంచి శివారు దాకా

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఎక్కిన ప్రతివాళ్లూ నది వైపే చూస్తారు. ఈసారి నేను కావాలనే నదికి వీపు పెట్టి, ఇంద్రకీలాద్రి పాదాన ఉన్న తూర్పు ప్రధాన కాలువ రెగ్యులేటర్ దగ్గర నిలబడ్డాను. జూలై మొదటివారం. కాలువలకు నీళ్లు వదిలి ఎన్నాళ్లో కాలేదు. షట్టర్ల కింద నుంచి తోసుకొస్తున్న నీరు ఎర్రమట్టి రంగులో ఉంది. గాలం వేసుకు కూర్చున్న ఒక కుర్రాణ్ణి ఆ రంగేమిటని అడిగితే, తల తిప్పకుండానే “గోదారి నీళ్లండీ, పట్టిసీమవి” అన్నాడు.

కృష్ణకు వరద రావాలంటే ఎగువన శ్రీశైలం, సాగర్ నిండాలి. అవి నిండేసరికి ఆగస్టు గడిచిపోయే ఏళ్లే ఎక్కువ. అప్పుడు నారు పోస్తే పంట చేతికొచ్చే వేళకు నవంబరు తుపాన్లు ఎదురొస్తాయి. అందుకే పట్టిసీమ దగ్గర 24 పంపులు పెట్టి, గోదావరి నుంచి 8,500 క్యూసెక్కుల దాకా ఎత్తి, పోలవరం కుడి కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతున్నారు. జూన్‌లోనే నీళ్లు రావడం డెల్టా రైతుకు ఎంత మేలో లెక్కల్లో చెప్పడం కష్టం. కోతకొచ్చిన చేను పడిపోయి, వెన్నుకు మొలకలొచ్చిన ఏడాది చూసినవాళ్లను అడగాలి.

నీళ్లు సరే, దారి సంగతి చూద్దామని బయల్దేరాను. ఇక్కణ్ణుంచి బందరు దాకా, కాలువ గట్టునే. డెల్టాలో నాకు తెలిసిన పొలాల్లో సగం ఈ ఇరవై ఏళ్లలో ప్లాట్లయ్యాయి. కాలువేమో ఆనాటిదే. వరిపొలాల కోసం తవ్విన కాలువ ఇళ్ల మధ్య నుంచి పోతూ, ఆ ఇళ్లకు అవతల మిగిలిన వరిపొలాన్ని ఇంకా తడపాలి. అది ఎలా సాగుతోందో, ఎక్కడ ఆగుతోందో కళ్లారా చూడాలనిపించింది.

ఇక్కడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855కల్లా పూర్తయింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. వందేళ్లకు కాస్త అటూఇటుగా నిలిచి 1952లో దానికి గండి పడితే, దాని బదులు 1957కల్లా ఈ బ్యారేజీ లేచింది. దీని కింద ఆయకట్టు 13 లక్షల ఎకరాలు. బ్యారేజీలో నిలిచేది మాత్రం మూడు టీఎంసీలే. అంటే ఇది నీళ్లు దాచిపెట్టే చోటు కాదు, మట్టం నిలబెట్టే చోటు. పన్నెండడుగుల మట్టం ఉంటేనే కాలువల్లోకి నీరు సరిగ్గా ఎక్కుతుంది. డెల్టా అంతా ఈ మట్టం మీదే నడుస్తుంది. ఈ సంగతి దారి పొడుగునా మళ్లీ మళ్లీ ఎదురైంది.

ఊళ్లోకి రాగానే కాలువ మూడుగా చీలుతుంది: ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. మూడు పారే కాలువలు నడిబొడ్డున ఉన్న నగరాలు మన దగ్గర ఎన్నున్నాయి? విజయవాడకు అంత అదృష్టం దక్కింది. బందరు కాలువ గట్టున నడుస్తుంటే ఒకచోట కొత్త ఇనుప కంచె, దాని వెనక పూలమొక్కలు, కూర్చోవడానికి బెంచీలు. ఇంకాస్త ముందుకెళ్తే గోడలోంచి పొడుచుకొచ్చిన గొట్టం, అందులోంచి నల్లటి నీరు ఆగకుండా కాలువలోకి. దాని కింద ఎర్రనీటిలో నల్లచార బారెడు దూరం విడిగా కనబడి, ఆ తర్వాత కలిసిపోయింది. ఇలాంటి గొట్టాలు, తూములు దారిలో చాలా చూశాను. వంతెన మీద నుంచి ఒకావిడ కొబ్బరి చిప్పలు, పూజ చేసిన పూలు సంచితో సహా వదిలింది. ఆవిణ్ణి తప్పుపట్టాలనిపించలేదు. పారే నీళ్లలో వదలడమే ఆచారం. ఆ నీళ్లు తర్వాత ఎవరింటికి పోతాయో ఈ ఊళ్లో చెప్పేవాళ్లు లేరు.

యనమలకుదురు లాకుల దగ్గర ఆగాను. లాకులంటే ఈ తరం పిల్లలకు బస్టాపు పేరు. ఒకప్పుడు బందరు దాకా పడవలు ఈ కాలువలోనే నడిచాయి. బియ్యం, కలప, ఉప్పు, పెళ్లివారు అన్నీ పడవ మీదే. ఎత్తు తగ్గే చోట పడవను దించడానికి రెండు జతల తలుపుల మధ్య తొట్టి కట్టి, నీరు నింపుతూ తీస్తూ నడిపించేవాళ్లు. పడవలు పోయాయి, లాకులు మిగిలాయి. రాతికట్టుడు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. తాడు ఒరిసి ఒరిసి రాయిలో పడిన గాడి చేత్తో తడిమి చూశాను, బొటనవేలు ఇమిడేంత లోతుంది.

అక్కడ షట్టర్లు చూసుకునే లస్కరుగా పనిచేస్తున్నాయన దొరికాడు. యాభై దాటిన మనిషి, భుజాన తువ్వాలు, చేతిలో షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలు. నేను అడగబోయేది ముందే తెలిసినట్టు తనే మొదలుపెట్టాడు.

“పొలాలు తగ్గిపోయాయి గదా, నీళ్లు కూడా తగ్గించెయ్యొచ్చు గదా అంటారు సార్ అందరూ. కాలవ అలా వినదు. అదిగో ఆ గేజీ చూడండి. అక్కడ అడుగు తగ్గిందంటే కింద తూముల్లోకి నీళ్లెక్కవు. తూము కింద వంద ఎకరాలున్నా ఎక్కాలి, పదెకరాలున్నా ఎక్కాలి.”

గోడకు బిగించిన గేజీ పలక మీద అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఆయన వాటిని చూడకుండానే, నీరు రాతి వరుసల్లో ఎన్నో వరుస దాకా తాకిందో చూసి మట్టం చెప్పగలడు. ఆయన చెప్పిన మాటలోనే మొత్తం చిక్కంతా ఉంది. ఈ కాలువల్లో పంపులు లేవు, ఒత్తిడి లేదు. పై నుంచి కిందికి వాలు మీద పారడమే. పక్క తూము నోరు ఏ ఎత్తున ఉందో ఆ ఎత్తుకు కాలువ నిండితేనే పిల్ల కాలువకు నీరు. ఊరు పెరిగి ఆయకట్టులో సగం పోయినా, మిగిలిన సగం కోసం కాలువ నిండుగానే పారాలి. నిండుగా పారిన నీటిలో అక్కర్లేనిది మురుగు కాలువలో పడి సముద్రానికి పోతుంది. అది చూసినవాళ్లు రైతు నీళ్లు వృథా చేస్తున్నాడంటారు.

దీనికి మందు లేకపోలేదు. లాకులు చేసిన పనే మరికొన్ని చోట్ల చేస్తే చాలు. కాలువకు అడ్డంగా దగ్గర దగ్గరగా రెగ్యులేటర్లు కట్టి, తక్కువ నీటితోనే ఎక్కడికక్కడ మట్టం నిలబెట్టవచ్చు. ప్రతి తూము దగ్గర ఎంత పోయిందో కొలిచే ఏర్పాటు ఉండాలి. షట్టరుకు మోటారు, ఆ మోటారుకు కరెంటు, దాన్ని చూసుకోవడానికి మనిషి. ఈ మూడోది మరీ ముఖ్యం. “మేం రిటైరయ్యాక ఎవరూ రావట్లేదు సార్. ఇదివరకు ఇద్దరం చూసిన దూరం ఇప్పుడు నేనొక్కణ్ణే చూస్తున్నా” అన్నాడు లస్కరు. రాత్రి వాన పడితే షట్టరు దించడానికి ఆయన సైకిలు మీద వెళ్లాల్సిన దూరం విని నాకు నోట మాట రాలేదు.

యనమలకుదురు దాటాక పోరంకి, పెనమలూరు, గంగూరు. బందరు రోడ్డున పోయేవాళ్లకు ఇదంతా ఒకటే ఊరు. అపార్టుమెంట్లు, కార్పొరేట్ కాలేజీలు, కల్యాణ మండపాలు. రోడ్డు దిగి లోపలికి వెళ్తే వెంచర్లు. ఒక వెంచరు కమాను దాటి, సిమెంటు దిమ్మెలు పాతిన ప్లాట్ల మధ్య నుంచి నడిచి, రెండెకరాల వరి మడి దగ్గరికి చేరాను. చుట్టూ నాలుగడుగుల ఎత్తున మెరక తోలారు. మడి గుంటలో పడ్డట్టుంది. ఆ మడి తాలూకు పెద్దాయన మోకాళ్ల దాకా పంచె ఎగగట్టి, వెదురుబొంగుతో ఒక గొట్టం మూతిలో పొడుస్తున్నాడు.

“ఏంటి బాబాయి గారూ, నీళ్లు రావట్లేదా?”

“రావడానికి దారేదయ్యా? ఇక్కడ బోదె ఉండేది. నువ్వు నడిచొచ్చిన రోడ్డు కిందే. పూడ్చి ఈ గొట్టం పెట్టారు.”

అడుగు వెడల్పు సిమెంటు గొట్టం. దాని మూతికి పాలకవర్లు, థర్మకోల్ ముక్కలు, ఒక చంటిపిల్ల చెప్పు. బొంగుతో లాగుతుంటే ముందు గబ్బు, తర్వాత బురద, ఆ తర్వాత సన్నగా నీళ్లు వచ్చాయి. పెద్దాయన ఆ చెప్పు కడిగి గట్టు మీద పెట్టాడు, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని. పక్కింటి సెప్టిక్ ట్యాంకు పొంగినా ఇదే గొట్టంలోకి వస్తుందట. ఎండాకాలం నీరు రాదు, వానాకాలం నీరు పోదు. అమ్మేయమని రోజూ ఎవరో ఒకరు ఫోను చేస్తారు. “అమ్మితే ఏం చెయ్యను? పొద్దున్నే లేచి ఎటు పోను?” అన్నాడు.

అమ్మినవాళ్లను నేను తప్పుపట్టను. ఎకరం వరి మీద ఏడాదికి మిగిలేదెంతో, అదే ఎకరానికి ఇక్కడ పలికే ధరెంతో అందరికీ తెలుసు. పిల్ల పెళ్లి, కొడుకు చదువు, ఆస్పత్రి ఖర్చు, ఏదైనా చాలు. నా బాధల్లా బోదె గురించి. పెద్ద కాలువ, పిల్ల కాలువ ప్రభుత్వానివి, మ్యాపులో ఉంటాయి, వాటి జోలికి వెళ్తే అడిగేవాళ్లుంటారు. చివరి పంట బోదె చాలాచోట్ల రైతుల సొంత పట్టా భూమిలోంచే పోతుంది. నీ చేను తడిశాక నా చేనుకు అన్న ఊరి కట్టుబాటే దానికి దస్తావేజు. ఎగువ రైతు పొలం అమ్మగానే ఆ కట్టుబాటు కూడా రిజిస్ట్రేషన్‌లో కొట్టుకుపోతుంది. వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చుకోవడానికి 2006లో చట్టం వచ్చింది. దాని కింద ఫీజు కట్టి మార్పించుకునేవారు. దిగువ మడికి నీళ్లు ఎటు నుంచి వెళ్లాలన్న ప్రశ్న మాత్రం నేను కలిసినవాళ్లలో ఎవరినీ ఎవరూ అడగలేదు. లేఅవుట్‌లో రోడ్డుకు, పార్కుకు స్థలం వదిలినట్టే బోదెకూ వదలాలి, అది పంచాయతీ పేర రాయాలి. కాలువల ఆధునికీకరణ మొదలుపెట్టాల్సింది ఇక్కడ.

పంట బోదె పోతే పోయేది పంటే అనుకుంటే పొరపాటు. వరి మడికి గట్టుంటుంది. నాలుగంగుళాల వాన పడితే ఎకరం మడి నాలుగు లక్షల లీటర్ల నీటిని కదలకుండా పట్టి ఉంచి, రెండు మూడు రోజుల్లో మెల్లగా మురుగు కాలువకు వదులుతుంది. డెల్టాలో మురుగు కాలువలు ఆ నెమ్మదిని నమ్ముకుని తవ్వినవి. అదే ఎకరం మీద సిమెంటు పడితే ఆ నాలుగు లక్షల లీటర్లూ గంటలో రోడ్డెక్కుతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, ఆ నీరు ఎందుకు దిగడం లేదని దేశమంతా అడిగింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. నది నిండుగా ఉన్నప్పుడు వాగును అందులోకి మళ్లించలేం. ఇంకోవైపు బుడమేరు ఎనికేపాడు దగ్గర సాగు కాలువ కింద సొరంగం లాంటి దారిలో దూరి కొల్లేటి వైపు వెళ్లాలి. ఎంత వాన పడినా ఆ దారి వెడల్పు పెరగదు. వాగు పక్కన గట్లున్న మడులు ఇళ్ల స్థలాలయ్యాయి. నీరు నిలిచే చోటు తీసేసి, నీరు నిలిచిందని ఏడుస్తున్నాం.

కంకిపాడు వైపు సాగుతుంటే కాలువకు సిమెంటు లైనింగు వేసిన చోట్లు కనిపించాయి. కొన్నిచోట్ల చక్కగా ఉంది. ఒకచోట మాత్రం పలకలు విడిపోయి, సందుల్లో రెల్లు మొలిచింది. డెల్టా నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద సిమెంటు పలక నిలబడాలంటే కింద గరప వేసి, నీరు ఊరిపోయే దారి పెట్టి, తీరిగ్గా చేయాలి. తీరికే దొరకదు. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక జూన్‌లో మళ్లీ వదిలేలోపు చేయాలి. మధ్యలో తాగునీటి కోసం ఒకసారి వదిలితే ఆ రోజులూ పోతాయి. బిల్లులు ఆలస్యమైతే కాంట్రాక్టరు రాడు. అలా 2008 ప్రాంతాల్లో ఎత్తుకున్న కృష్ణా డెల్టా ఆధునికీకరణ ఇన్నేళ్లలో ముక్కలు ముక్కలుగానే సాగింది.

కాగితం మీద మాత్రం అది ఎప్పుడో ఫలితమిచ్చింది. కృష్ణా నీళ్ల వాటాలు తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ డెల్టాకు 181.20 టీఎంసీలు కేటాయించింది. ఆధునికీకరణ వల్ల అందులో 29 టీఎంసీలు మిగులుతాయని లెక్కకట్టి, 20 టీఎంసీలు పాలమూరు వైపు భీమా ఎత్తిపోతలకు చూపారు. పాలమూరు మెట్టకు నీళ్లు అందాలి, అందులో రెండో మాట లేదు. తరాలుగా వలస పోయిన నేల అది. కానీ మిగులుతాయనుకున్న నీళ్లు నిజంగా మిగలాలంటే ఆ గేజీ పలక మీద అంకెలు కనబడాలి, షట్టరు దించే మనిషి ఉండాలి. కొలవని నీటిని పంచుకున్నప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు ఎండిపోతారు, ఎగువ మెట్ట రైతో, దిగువ శివారు రైతో.

ఉయ్యూరు, పామర్రు త్వరత్వరగా దాటేశాను. అక్కడ కాలువ నిండుగా ఉంది, నాట్లు జోరుగా పడుతున్నాయి, బాధలేవీ కనబడలేదు. నడుమ ఆయకట్టు ఎప్పుడూ సుఖంగానే ఉంటుంది.

బందరు చేరువయ్యేకొద్దీ గాలి మారుతుంది. చేలు వెడల్పయ్యాయి, చెట్లు పలచబడ్డాయి. కొన్నిచోట్ల వరి పోయి చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఒక శివారు ఊళ్లో మంచినీటి చెరువు గట్టెక్కాను. ఇక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లే. అందుకని ఊరూరా చెరువు తవ్వి, కాలువ నీటితో నింపుకుని, వడకట్టి తాగుతారు. బందరు పట్టణానికి కూడా తరకటూరు దగ్గర పెద్ద చెరువుంది, అదీ కాలువ నీరే. కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపుకోవడం ఇక్కడ పండగంత పెద్ద పని. నేను చూసిన చెరువులోకి నీరొచ్చే తూముకు ఇనుప జాలీ బిగించారు. దానికి గుర్రపుడెక్క, సారా సీసాలు, కొబ్బరి చిప్పలు తట్టుకుని ఉన్నాయి. విజయవాడ వంతెన మీద ఆవిడ వదిలిన సంచి ఇంత దూరం రాదు. కానీ ఆ నల్లటి గొట్టంలోంచి పడింది వస్తుంది, జాలీ దాన్ని ఆపలేదు.

చెరువు దగ్గర బిందె ముంచుకుంటున్న అక్కను ఈ నీళ్లు బాగుంటాయా అని అడిగాను. “పటిక వేసి రాత్రంతా ఉంచితే తేటపడతాయి. వాసన పోదు. పిల్లలకు మాత్రం డబ్బా నీళ్లు కొంటాం” అంది. ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కునే కూలింటికి కాలువ ఎంత దగ్గరున్నా దూరమే. నగరం తన మురుగును శుద్ధి చేశాకే బయటికి వదలాలన్నది విజయవాడ అందం కోసం కాదు, ఈ అక్క బిందె కోసం. కాలువల ఆధునికీకరణ పద్దులో మురుగు శుద్ధికీ ఒక వరుస ఉండి తీరాలి. నీటిపారుదల వాళ్లూ పురపాలక వాళ్లూ ఎవరి ఆఫీసులో వాళ్లు కూర్చుంటే ఈ పని జరగదు.

శివారు చేల దగ్గర పిల్ల కాలువ గట్టు మీద పది పన్నెండు మంది రైతులు కూర్చుని ఉన్నారు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాల్లో వీళ్లదీ ఒకటి. ఎక్కువమంది ఈ ఏడు నారు పోయలేదు, విత్తనాలు వెదజల్లారు. నారు పోసి నాటుదామంటే నీరు ఏ రోజు వస్తుందో తెలియదు, కూలీలూ దొరకరు. వెదజల్లిన చేను మొలిచి జానెడెత్తుంది, ఇప్పుడు తడి కావాలి. ఆలస్యమైతే కింద నుంచి ఉప్పు పైకి తేలి మొక్క కొస ఎర్రబడుతుంది. ఒకాయన మొక్క పీకి వేళ్లు చూపించాడు. కొసలు అప్పటికే తుప్పు రంగుకు తిరిగాయి.

వంతుల మీద మాటలు నడుస్తున్నాయి. నాలుగు రోజులు ఎగువకు, నాలుగు రోజులు దిగువకు అని అధికారులు చెప్పి వెళ్లారట. ఎగువన ఇళ్ల మధ్య మిగిలిన మడుల వాళ్లు తమ గొట్టాల్లోకి నీరెక్కడం లేదని కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు వేస్తున్నారు. వేయక వాళ్లేం చేస్తారు? వెదురుబొంగుతో గొట్టం పొడుస్తున్న పెద్దాయన నాకు గుర్తొచ్చాడు. ఆ సంగతి చెప్పాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత సంఘం అధ్యక్షుడు, “ఆయనకూ కావాలండీ నీళ్లు. బస్తాలు వేసుకోమనండి, కాకపోతే వాళ్ల వంతు అయిపోగానే తీసెయ్యమనండి. మాది మంగళవారం తెల్లారి నుంచి మొదలు. తీసేవాళ్లు లేకపోతే మేమే మనుషుల్ని పంపుతాం, గొట్టం కూడా బాగుచేసి పెడతాం. మీరు అటే కదా వెళ్లేది, ఒక్క మాట చెప్పండి” అని తన ఫోను నంబరు నా నోటుపుస్తకంలో రాసిచ్చాడు.